తమ్మూజ్ నెలలో మంచు

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకి మా ఊరి బయట, ఎప్పుడో ఇంగ్లీషు సైన్యం వదిలేసి పోయిన శిబిరంలో, లారీలకొద్దీ ఉప్పు దించారు. సినిమాలో మంచు పరచడానికి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ ఉప్పు కోళ్ల షెడ్ల మీదుగా ఎగిరొచ్చి, పెరట్లో ఆరేసిన దుప్పట్ల మీద పడేది. అమ్మ వాటిని దులుపుతూ, "మీ అమ్మమ్మ చలికాలం మన పెరట్లోకి కూడా వచ్చేసింది" అనేది.

ఆ చలికాలం నిజంగానే అమ్మమ్మది. అమ్మమ్మ పేరు సరోల్తా. హంగేరియన్ మాట్లాడే ఊరు ముంకాచ్‌లో పుట్టి పెరిగింది. యూదులని ఇంట్లో అందరినీ రైలెక్కించి, జర్మన్ల చావుశిబిరం ఔష్విట్జ్‌కి తోలితే, పనికి పనికొస్తారని వేరుచేసిన వరసలో తనూ, చెల్లెలు ఎటెల్కా మిగిలారు. యుద్ధం చివరి చలికాలంలో జర్మన్లు శిబిరం ఖాళీ చేసి, బతికున్నవాళ్లని మంచులో నడిపించారు. ఒక తెల్లవారుజామున ఎటెల్కా అక్క చెయ్యి వదిలి, కాలికి చుట్టిన గుడ్డ ఊడిపోతోందని వంగింది. "నువ్వు నడువు, నేనొస్తా" అంది. ఆగినవాళ్లని కాల్చేవారు. అమ్మమ్మ నడిచింది. అరవై దాటాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసిన పుస్తకంలో చివరి మాట, "ఇంకా రాలేదు."

ఆ మాట అలంకారానికి రాసింది కాదు. మా ఇంటి ఉత్తరాల డబ్బా మీద తాతయ్య ఇంటిపేరు పక్కన అమ్మమ్మ పుట్టింటి పేరు కూడా ఉండేది, వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి తెలియాలని. మధ్యాహ్నం రేడియోలో తప్పిపోయిన బంధువుల పేర్లు చదివే వేళకి ఇంట్లో ఎవరూ చెంచా కూడా చప్పుడు చెయ్యకూడదు. తల్లికీ తండ్రికీ తమ్ముళ్లకీ అమ్మమ్మ ఏటా వర్ధంతి దీపం పెట్టేది. ఎటెల్కాకి పెట్టేది కాదు. నేను పుట్టినప్పుడు నాన్న, "ఎటెల్ అని పెడదాం, చక్కని పేరు" అన్నాడట. అమ్మమ్మ పురిటి మంచం పక్కనే లేచి నిలబడి, "బతికున్నవాళ్ల పేరు పిల్లలకి పెడతారా? నా చెల్లెల్ని చంపుతావా అబ్బాయ్?" అందట. అందుకే నేను ఇరిత్ అయ్యాను. ఒక పువ్వు పేరు. పువ్వులైతే ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఆ పుస్తకాన్ని సినిమాగా తీస్తానని డైరెక్టర్ నిమ్రోద్ వసంతంలో వచ్చాడు. టెల్ అవీవ్ మనిషి, కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని తిరిగేవాడు. అమ్మమ్మ గసగసాల రొట్టె కోసి పెట్టింది.

"అమ్మగారూ, మీ పుస్తకం చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు" అన్నాడు.

"పగలు పడుకోవలసింది బాబూ."

అతను నవ్వాలో వద్దో తెలియక అమ్మ వైపు చూశాడు. అమ్మ నవ్వలేదు. అమ్మ పేరు హెద్వా. హంగేరియన్‌లో రాసిన ఆ పుస్తకాన్ని హీబ్రూలోకి తెచ్చింది ఆవిడే, అందుకని ఒప్పందంలో ఆవిడ మాటకీ అమ్మమ్మ మాటతో సమానంగా విలువ ఉంది.

"నా తల్లిని చూపించు, తమ్ముళ్లని చూపించు, నేను దొంగిలించిన రొట్టెముక్కలు చూపించు" అంది అమ్మమ్మ. "నన్ను చెడ్డదాన్ని చేసినా ఊరుకుంటా. ఒక్కటే. ఎటెల్కాని చంపకు."

"మీరు ఎలా రాశారో అలాగే తీస్తానమ్మగారూ" అని అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అమ్మమ్మ ఇంకో ముక్క రొట్టె కోసి పెట్టింది.

నాకు బడి అయిపోయింది. శీతాకాలానికి, ఇక్కడి పిల్లలందరిలాగే, సైన్యంలో చేరాలి. అంతవరకూ అమ్మమ్మ వెంట షూటింగుకి వెళ్లి గొడుగు పట్టడం, నీళ్లు అందించడం నా పని. ఎటెల్కా వేషం వేసిన అమ్మాయి పేరు స్మదర్. ఇరవై ఏళ్లుంటాయి. వేషం కోసం జుట్టంతా గొరిగించేసుకుంది. పొద్దున్నే వచ్చి అమ్మమ్మ కాళ్ల దగ్గర కూర్చునేది.

"ఆమె ఎలా నవ్వేది?"

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ముందుపళ్లు ఎత్తుగా ఉండేవి."

"ఎలా నడిచేది?"

"నా కంటే వేగంగా. ఎప్పుడూ నా కంటే వేగంగా" అని చెప్పి అమ్మమ్మ ఆ బోడితల మీద చెయ్యి వేసి, ఎండ తగలకుండా అలాగే ఉంచేది. వేసవి సగం గడిచేసరికి, దోసకాయ ముక్కలు డబ్బాలో సర్దుతూ, "ఇవి నీకు, ఇవి ఎటెల్కాకి" అనడం మొదలుపెట్టింది. అమ్మ అది విని పళ్లు బిగించేది.

ఊరివాళ్లు చాలామంది గుంపులో వేషాలు వేశారు. మా ఊళ్లో సగం మంది ఆ మంచులోంచి వచ్చినవాళ్లే. పక్కింటి యోలాన్ బామ్మని శవాల మధ్య పడుకోబెట్టారు. సాయంత్రం నడుము పట్టుకుని మా వసారాలోకి వచ్చి అమ్మమ్మ పక్కన కూలబడింది.

"ఒసే సరీ, ఆ పిల్లకుంక నన్ను కదలొద్దంటాడేమే. నిజంగా ఉన్నప్పుడే నేను అంతసేపు కదలకుండా పడుకోలేదు."

"మరి ఎందుకెళ్లావే?"

"టీ బాగుంటుంది" అంది యోలాన్ బామ్మ. ఇద్దరూ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు. అలా నవ్వుకోవడం అమ్మకి గిట్టేది కాదు. లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొద్దిరోజులకి నిమ్రోద్ కోళ్ల షెడ్డులోకి వచ్చాడు. నేను చివరి వరసలో గుడ్లు ఏరుతున్నాను. అమ్మ నీళ్ల తొట్లు కడుగుతోంది.

"ఇక్కడి వాసన బాగుంది హెద్వా గారూ. మా తాతగారి ఊరు గుర్తొస్తోంది."

"ఆ అబద్ధాలు కెమెరా ముందు చెప్పించండి. ఏం కావాలి?"

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముగింపు కుదరడం లేదు. 'ఇంకా రాలేదు' అని కాగితం మీద రాస్తే సరిపోతుంది. తెర మీద ఏం చూపించను? ఖాళీ రోడ్డు ఎంతసేపని చూపించను? జనం లేచి ఇళ్లకి వెళ్లాలి కదా."

"మేం నలభై ఏళ్లుగా ఆ ఖాళీ రోడ్డే చూస్తున్నాం" అంది అమ్మ. "మమ్మల్ని లేచి వెళ్లమని ఎవరూ అనలేదు."

"అమ్మగారు ఒప్పుకోరు. మీరు ఒప్పుకుంటే చాలు."

అమ్మ తొట్టిలో మురికినీళ్లు ఒంపేసి, మళ్లీ నింపి, అడిగింది. "ఎలా చంపుతారు?"

"మంచులో. ఎవరూ కాల్చరు. అక్క వెనక్కి వస్తుంది. అక్క ఒళ్లో, నిద్రపోయినట్టు."

"అక్క ఒళ్లో" అని అమ్మ మెల్లగా మళ్లీ అంది. "సరే, చంపండి. మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. మీకు చేతనైతే చంపెయ్యండి."

అతను వెళ్లాక అమ్మ తల ఎత్తకుండానే, "విన్నావా?" అంది.

"విన్నాను."

"మీ నాన్న ఇక్కడి యుద్ధంలో పోయినప్పుడు ముగ్గురు ఆఫీసర్లు మన గుమ్మం ముందుకొచ్చి చెప్పారు. గుర్తుందా? తలుపు వాళ్ల మొహాన వెయ్యాలనిపించింది. కానీ చెప్పారు. ఒక తేదీ ఇచ్చారు, ఒక సమాధి ఇచ్చారు. వెళ్తాం, రాయి కడుగుతాం, ఏడుస్తాం, ఇంటికొచ్చి భోజనం చేస్తాం. ఆవిడ గుమ్మంలోకి ఎవరూ రాలేదు. ఎవరో ఒకరు రావాలి కదా." తొట్టి అంచు గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. "ఆవిడ మీద కక్షతో చెయ్యడం లేదు ఇరిత్." మళ్లీ ఆగి, "కొంచెం ఉందేమో" అంది. "నేనే చెప్తాను ఆవిడకి. ఈ రాత్రికే చెప్తాను."

చెప్పలేదు. ఆ రాత్రీ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. ఆ వారమంతా అమ్మమ్మకి ఇష్టమైన వంటలు చేసింది.

ఆ దృశ్యం తీసే రోజు ఉదయం నిమ్రోద్ మా దగ్గరికి రెండుసార్లు వచ్చి, "ఎండ మండిపోతోంది అమ్మగారూ, ఇవాళ ఇంటి దగ్గర ఉండకూడదా" అన్నాడు.

"ఆ వేళ చలేసింది, ఇవాళ ఎండ కాస్తోంది. ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది" అని అమ్మమ్మ గొడుగు కింద కుర్చీ వేయించుకుంది.

నేల కనబడకుండా ఉప్పు పరిచారు. పైనుంచి పెద్ద పంకాలతో నురుగు ఎగరేస్తున్నారు. వేషగాళ్ల మొహాలకి తెల్లరంగు పూశారు, ఆ రంగు మీదనుంచి చెమట కారుతోంది. అక్క వేషం వేసినామె, స్మదర్ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వరసలో నడిచారు. స్మదర్ చెయ్యి వదిలింది. వంగింది. "నువ్వు నడువు, నేనొస్తా" అంది. నా పక్కన అమ్మమ్మ పెదాలు కూడా ఆ మాటే అన్నాయి.

పుస్తకం అక్కడితో అయిపోతుంది. కెమెరా ఆగలేదు.

అక్క వేషం వేసినామె నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది. పరిగెత్తుకుంటూ చెల్లెలి దగ్గరికి వెళ్లింది.

అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది. "వెనక్కి తిరిగింది" అంది నాతో. ఫిర్యాదు చేసినట్టు లేదు. ఏదో తెలియని విషయం తెలుసుకున్నట్టు ఉంది. "నేను తిరగలేదు కదా."

ఉప్పులో కూర్చుని ఆమె చెల్లెల్ని ఒళ్లోకి తీసుకుంది. స్మదర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకసారి నవ్వింది. తర్వాత ఆ చెయ్యి జారిపోయింది. నురుగు కురుస్తూనే ఉంది. ఎవరో "కట్" అన్నారు, జనం చప్పట్లు కొట్టారు. స్మదర్ లేచి కూర్చుని, కళ్లలో ఉప్పు పడిందని నీళ్లడిగింది.

నిమ్రోద్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మగారూ, మీ అమ్మాయిగారు ఒప్పుకున్నారు. మీకు చెప్పే ఉంటారనుకున్నాను."

అమ్మమ్మ అతని వైపు చూడలేదు. "ఇరిత్, ఇవాళ మన పంచాంగంలో తేదీ ఎంత?"

"తమ్మూజ్ రెండు."

"సూర్యాస్తమయం కాలేదుగా? తేదీ మారలేదుగా?"

"ఇంకా లేదమ్మమ్మా."

"సరే, పద" అంది.

ఇంటికి రాగానే కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసి, వేసుకున్న రవిక కాలరు దగ్గర కొద్దిగా కత్తిరించి, మిగతాది చేత్తో చింపింది. కుడివైపు. తల్లిదండ్రులు పోతే ఎడమవైపు చింపుకుంటారు. తోబుట్టువులకీ మొగుడికీ కుడివైపు. అమ్మ గుమ్మంలో నిలబడి అది చూసింది. ఆవిడ కూడా ఒకప్పుడు అటువైపే చింపుకుంది, ఎవరూ చెప్పనక్కర్లేకుండా అర్థమైంది.

"అమ్మా" అంది.

అమ్మమ్మ చెప్పులు విడిచి, అద్దం మీద దుప్పటి కప్పి, గోడవార కిందే కూర్చుంది. మా యూదుల్లో మనిషి పోతే దగ్గరివాళ్లు ఏడు రోజులు అలా నేలమీద కూర్చుంటారు.

సాయంత్రానికి మా గుడి రబ్బీ వచ్చాడు. నేనే పిలుచుకొచ్చాను, అమ్మ పంపింది. మంచివాడు, మెత్తగా మాట్లాడతాడు. "సరోల్తా గారూ, ధర్మం మీకు ఇంత కష్టం పెట్టదు. ఎప్పుడో పాతకాలపు చావు కబురు ఇప్పుడు అందితే ఏడు రోజులు అక్కర్లేదు. ఒక గంట కూర్చుంటే చాలు."

"పాత కబురు అయితే కదా. నాకు ఇవాళే తెలిసింది."

"అది సినిమా అమ్మా."

"ఇంకెక్కడ చూసేదాన్ని? దేశాలన్నిటికీ రాశాను. ఒక్కరూ ఆ పిల్ల పోయిందని నాతో చెప్పలేదు. ఇవాళ చూపించారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. పోయిందని అందరూ ఒప్పుకున్నాక నేనొక్కదాన్నే కాదంటే ఏం బాగుంటుంది?"

రబ్బీ గడ్డం నిమురుకున్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "కూర్చోనివ్వండి" అని మెల్లగా అని వెళ్లిపోయాడు.

దుఃఖంలో ఉన్నవాళ్లు మొదటి ముద్ద సొంత ఇంటిది తినకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. యోలాన్ బామ్మ ఉడికించిన గుడ్లు తెచ్చింది.

"ఇవి మా కోళ్లవేగా" అంది అమ్మమ్మ.

"పెట్టింది మీ కోళ్లు. ఉడకబెట్టింది నేను. తిను, నోర్మూసుకుని తిను" అని యోలాన్ బామ్మ పక్కన చతికిలబడి, తనే పెంకు ఒలిచి పెట్టింది. ఒలుస్తూ ఒలుస్తూ ఏడ్చింది. ఆవిడకి ముగ్గురు అక్కలుండేవారు.

ఊరంతా వచ్చింది. కొందరికి ఏమనాలో తెలియలేదు. కానీ మాలో ఒక మేలుంది, దుఃఖంలో ఉన్న మనిషి ముందు నోరు విప్పేదాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదు. అమ్మమ్మ మాట్లాడితే మాట్లాడేవారు, లేకపోతే కాసేపు కూర్చుని లేచిపోయేవారు. అమ్మ కాఫీలు అందిస్తూ, కుర్చీలు సర్దుతూ తిరిగింది. ఆవిడ నీళ్లిస్తే అమ్మమ్మ తాగేది. పళ్లెం పెడితే తినేది. అమ్మతో ఒక్క మాట మాట్లాడేది కాదు. "అమ్మా, వీపు కింద దిండు పెట్టనా?" అంటే, దిండు పెట్టుకునేలా ముందుకి జరిగేది. అంతే.

ఐదో రోజు నిమ్రోద్, స్మదర్ వచ్చారు. గేటు దగ్గర అతను నన్ను పక్కకి పిలిచాడు.

"ఇరిత్, నాకు మూడు నెలలుగా దొరకనిది ఇది. ఇదే నా ముగింపు. చిన్న కెమెరా, ఒక్క మనిషి, పావుగంట. నువ్వు అడిగితే ఆవిడ కాదనదు."

"నేను అడగను" అన్నాను. ఆ వేసవిలో నేను ఎవరితోనైనా గట్టిగా అన్న మాట అదొక్కటే.

లోపల నాలుగైదుగురు ఉన్నారు. స్మదర్ తలకి రుమాలు కట్టుకుంది. ఆ పిల్ల గడప దాటగానే యోలాన్ బామ్మ, "దేవుడా" అని నోరు నొక్కుకుంది. ఎవరికోసం అందరూ కూర్చున్నారో ఆ మనిషే నడుచుకుంటూ వచ్చినట్టుంది. నిమ్రోద్ అమ్మమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మమ్మ అతని బూట్ల వైపు చూస్తూ ఉండిపోయింది. అతనికి ఆచారం తెలుసు. అడగవలసిన మాట నోట్లో పెట్టుకుని, కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

స్మదర్ ఆగలేకపోయింది. "నన్ను క్షమించండి" అని నేలమీద కూలబడింది. "నాకు ముందే తెలుసు, మీతో చెప్పలేదు. రోజూ మీ పక్కన కూర్చుని..."

"నీ తప్పేముంది పిల్లా" అంది అమ్మమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "బాగా చనిపోయావు. అక్క ఒళ్లో చనిపోయావు. మా దానికి ఆ మాత్రం జరిగిందో లేదో." రుమాలు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. "ఇంక నువ్వు ఇక్కడికి రాకు తల్లీ. చూడలేను."

నిమ్రోద్‌కి అదే అదను అనిపించిందేమో, ముందుకి వంగాడు. "అమ్మగారూ, ఒక చిన్న మాట..."

అమ్మ వంటింట్లోంచి వచ్చి అతని కుర్చీ వెనక చెయ్యి వేసింది. "లేవండి."

"హెద్వా గారూ, నేనేమీ..."

"లేవండి. ఈ కుర్చీ కావాలి."

అతను లేచాడు. అమ్మ కుర్చీ ఎత్తుకుని పెరట్లోకి తీసుకుపోయి, గోడకి ఆనించి, అక్కడే నిలబడింది. కారు వెళ్లిపోయిన చప్పుడు విన్నాకే లోపలికి వచ్చింది. అమ్మమ్మ తన వైపు చూస్తుందేమోనని చూసింది. అమ్మమ్మ యోలాన్ బామ్మతో మాట్లాడుతోంది.

ఏడో రోజు ఉదయం ఊరివాళ్లు వచ్చి, "లే సరోల్తా" అన్నారు. లేచి, నా చెయ్యి పట్టుకుని, ఇంటి చుట్టూ ఒకసారి నడిచింది. ఆ మధ్యాహ్నం రేడియో పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. అమ్మ ఒకసారి తనే వెళ్లి పెట్టింది. అమ్మమ్మ లేచి, ఏమీ అనకుండా, దాన్ని కట్టేసి వచ్చి, తినడం పూర్తి చేసింది. భోజనాల దగ్గర ఇప్పుడు చెంచాల చప్పుడు చెయ్యొచ్చు. ఎవరూ చెయ్యలేదు.

ముప్ఫయ్యో రోజుకి రాయి మీద పేరు వేయించాలి. సమాధి లేనివాళ్ల పేర్లు సొంతవాళ్ల రాతి మీద చెక్కించడం మా ఊళ్లో మామూలే. తాతయ్య సమాధి మీద అప్పటికే ఎనిమిది పేర్లున్నాయి. పట్నం అంచున, రేకుల షెడ్డు కింద, రాళ్లు చెక్కే కద్దూరి దగ్గరికి ముగ్గురం బస్సులో వెళ్లాం. ఎండకి తెల్లరాళ్లు చూడలేనంతగా మెరుస్తున్నాయి. కద్దూరి చెవి వెనకనుంచి పెన్సిలు తీశాడు.

"పేరమ్మా?"

"ఎటెల్కా. మోరిత్స్ కూతురు."

"ఎప్పుడు పోయారు?"

"తమ్మూజ్ రెండు."

"ఏ సంవత్సరం?"

"ఈ సంవత్సరమే."

అతను పెన్సిలు ఆపి తలెత్తాడు. "అయ్యో. నెల కూడా కాలేదా. నేను పాతకాలం వాళ్లనుకున్నాను. మీ రాతి మీద నేను చెక్కిన అందరి పేర్ల కిందా పోయిన ఊరి పేరు ఉంది కదా. ఈమె ఎక్కడ పోయారమ్మా?"

అమ్మమ్మ చేతిసంచీ రెండో చేతిలోకి మార్చుకుంది.

"మా అమ్మాయిని అడగండి" అంది. "ఆవిడకి తెలుసు."

కద్దూరి అమ్మ వైపు తిరిగాడు. అమ్మ ఒక చెక్కని రాతి మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. కాలుతున్నా తియ్యలేదు.

"ఇక్కడే" అంది.

"ఇక్కడే అని చెక్కలేనమ్మా. ఊరి పేరు చెప్పండి."

అమ్మ మా ఊరి పేరు చెప్పింది. షెడ్డు లోపల రాయి కోసే యంత్రం మోగుతోంది. అతనికి వినబడక చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అమ్మ ఇంకోసారి, గట్టిగా చెప్పవలసి వచ్చింది.